మిసెస్ హెబ్డెన్ పలికిన ఆమెన్

టాబితా హెబ్డెన్‌కు పెళ్లి కాలేదు. అయినా థార్న్‌బెక్ బాలికల అనాథ శరణాలయంలో ఆమెను అందరూ మిసెస్ హెబ్డెన్ అనే పిలిచేవారు. ఆ ఒక్క చోటే కాదు, యార్క్‌షైర్‌లో ఏ పెద్ద వంటగదిలోనైనా ఆచారం అదే. గరిటె చేతికి వచ్చిన రోజున ఆడమనిషి పేరు ముందు మిసెస్ వచ్చి చేరుతుంది, మొగుడు మాత్రం రాడు. కొత్తగా వచ్చిన పిల్లలెవరైనా "మిస్టర్ హెబ్డెన్ ఎక్కడుంటారండీ?" అని అడిగితే, టాబితా సగం గోడను ఆక్రమించుకున్న నల్లటి ఇనప పొయ్యి వైపు గరిటె చూపించేది.

"అదుగో, మా ఆయన. పొద్దున్నే ఓ పట్టాన లేవడు. లేచాడా, బొగ్గు మేస్తాడు, పొగ వదుల్తాడు. వేడెక్కితే దగ్గరికి పోలేం, పనున్నప్పుడు చల్లబడి కూర్చుంటాడు. అయినా ఊళ్లో మొగుళ్లందరికంటే నయమే. తాగడు."

టాబితా కూడా ఆ ఇంటి పిల్లే. అమ్మా నాన్నా ఒకే చలికాలంలో జ్వరంతో పోతే, ఎవరో పొరుగావిడ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఆ గుమ్మంలో వదిలి వెళ్లింది. తోటి పిల్లలంతా పెద్దయి ఊళ్లోని ఇళ్లలో పనిమనుషులుగా కుదిరారు. టాబితా మాత్రం పై అంతస్తు పడకగది నుంచి కింది వంటగదిలోకి మెట్లు దిగింది. ఆమె జీవితంలో చేసిన దూరప్రయాణం అదొక్కటే. దిగింది మొదలు ఆమె ఒక్కచోట నిలబడగా చూసినవాళ్లు లేరు. వంటగదిలో కుర్చీ ఉంది గానీ దాంట్లో పిల్లి కూర్చునేది. మాట్లాడుతూనే బంగాళాదుంపలు చెక్కు తీసేది, ఉల్లిపాయలు తరిగేటప్పుడే ఏడుపేదైనా ఉంటే ఏడ్చేసేది. అందుకు వేరే తీరిక ఆమెకు దొరికేది కాదు.

ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఆమెకు సెలవు. ఉన్ని మిల్లు వెనక సందులో ఒక చిన్న చాపెల్, అంటే ప్రార్థన మందిరం, ఉండేది. మిల్లు కూలీలు, బండివాళ్లు, చాకలి ఆడవాళ్లు వెళ్లే చోటు. ఊళ్లో మర్యాదస్తులు దాన్ని కేకల చాపెల్ అని ఎగతాళి చేసేవారు. పెద్ద చర్చిలో ఆమెన్ అనేది ప్రార్థన చివర వచ్చేది, అందరూ కలిసి దగ్గు ఆపుకున్నట్టు మెల్లగా అనేది. ఈ చాపెల్లో అలా కాదు. బోధకుడు ప్రార్థన చేస్తూ ఉండగానే ఎవరి గుండెకు ఏ మాట తగిలితే వాళ్లు అక్కడికక్కడే "ఆమెన్!" అని అరిచేవారు. ఆ అరుపు విని బోధకుడికి మరింత ఊపు వచ్చేది, ఆ ఊపు చూసి వీళ్లకు మరింత గొంతు లేచేది. వారం పొడుగునా మగ్గాల మోతలో నోరు విప్పి ప్రయోజనం లేనివాళ్లు, ఆ ఒక్క మధ్యాహ్నం కడుపారా అరిచి ఇంటికి పోయేవారు. అందులో తప్పేముందో నాకైతే ఎన్నడూ అర్థం కాలేదు.

శరణాలయం పెత్తనం చూసే మేట్రన్ మిస్ ఫాసెట్‌కు మాత్రం బాగా అర్థమైంది. ఆవిడ ఒక పాదిరి కూతురు, పెద్ద చర్చి మనిషి. ఉదయ ప్రార్థనలో టాబితా నోరు జారి రెండు మూడు సార్లు మధ్యలో ఆమెన్ అనేసరికి ఆవిడ తలనొప్పితో పడుకుంది.

"మిసెస్ హెబ్డెన్, దేవుడు చెవిటివాడు కాడు."

"కాదని నాకూ తెలుసమ్మగారూ. నిద్రపోతాడేమోనని భయం, అంతే. ఆ పుస్తకం చదువుతుంటే నాకే రెప్పలు వాలిపోతాయి మరి."

ఆ ఇంట్లో ఆమెన్‌కు ఇంకో పని కూడా ఉండేది. భోజనాల గదిలో గోడకు కమిటీవారి నియమాలు అచ్చువేయించి తగిలించారు. బల్ల దగ్గర మాట్లాడకూడదు. ప్రార్థన ముగిసి ఆమెన్ అన్నాకే చెంచా పట్టాలి. గంట మోగగానే చెంచా దించాలి, ప్లేటులో ఏమున్నా సరే. ఆ గంట మిస్ ఫాసెట్ చేతిలో ఉండేది, ఆవిడ చెయ్యి చురుకైనది. అందుకని ఆమెన్‌లోని చివరి అక్షరం గాల్లో ఉండగానే మొదటి చెంచా పిల్లల నోట్లో ఉండేది. ఒకసారి ఆదివారం పాఠంలో మిస్ ఫాసెట్ పిల్లలను వరసగా నిలబెట్టి, "ఆమెన్ అంటే అర్థమేమిటి?" అని అడిగింది. ముందు పళ్లు రెండూ ఊడిన ఫీబీ అనే చిన్నపిల్ల ఎగిరెగిరి చెయ్యెత్తింది.

"ఇక తినొచ్చు అని అండీ!"

"అలాగే జరుగుగాక" అని అర్థమట. ఆ మాట వందసార్లు వల్లిస్తూ గోడ వైపు తిరిగి నిలబడమని శిక్ష వేశారు. ఫీబీ వల్లించడం అయ్యాక వంటగదిలోకి వస్తే, టాబితా రొట్టె ముక్కకు మాంసం కొవ్వు మందంగా రాసి చేతిలో పెట్టి, "నువ్వు చెప్పిందే బాగుందే పిల్లా" అంది.

రాణిగారు భర్త పోయి నల్లబట్టలు వేసుకోవడం మొదలుపెట్టిన కొత్తలో ఈ ఫొటో గొడవ వచ్చింది. పక్క ఊరు క్లెక్‌డేల్‌లోని శరణాలయంవారు తమ పిల్లలను ఫొటో తీయించి చందాదారులకు పంచారు. దానితో చందాలు వరదలా వచ్చిపడుతున్నాయని థార్న్‌బెక్‌కు కబురు చేరింది. కమిటీ ఛైర్మన్ మిస్టర్ జాబెజ్ ఓల్డ్‌రాయిడ్‌కు కడుపు మండిపోయింది. ఆయన ఉన్ని మిల్లు యజమాని. ఊళ్లో ఏదైనా తనకు లేకుండా పక్కవాడికి ఉంటే ఆయనకు అన్నం సయించదు. వెంటనే లీడ్స్ నుంచి మిస్టర్ లంబ్ అనే ఫొటోగ్రాఫర్‌ను పిలిపించాడు.

లంబ్ బక్కపలచటి మనిషి, వేళ్ల కొసలన్నీ మందులతో నల్లబడి ఉండేవి. భోజనాల గది చూసి, "పిల్లల రోజువారీ బతుకు తీద్దామండీ, బల్ల దగ్గర భోజనం చేస్తున్నట్టు" అన్నాడు.

"రోజువారీ అంటే బఠాణీల ముద్దే" అంది మిస్ ఫాసెట్.

లంబ్ మొహం చిట్లించాడు. "ఫొటోలో అది బురదలా పడుతుందండీ."

నిజానికి దగ్గర్నుంచి చూసినా అది బురదలాగే ఉండేది, ఆ నేరం టాబితాది కాదు, కమిటీ ఇచ్చే బఠాణీలది. ఓల్డ్‌రాయిడ్ మహాదాతలా చెయ్యెత్తాడు. ఆ రోజు రాత్రి ఆయన ఇంట్లో విందు ఉంది. విందుకోసం కొన్న గొడ్డుమాంసం తొడ ఉంది. దాన్ని ఇక్కడ కాల్చి, ముక్కలు కోసి, తన ఇంటి పింగాణీ ప్లేట్లలోనే పిల్లల ముందు పెడితే ఫొటో నిండుగా ఉంటుంది. ఎలాగూ ఎక్కడో అక్కడ కాల్చాల్సిందేగా, ఇక్కడైతే బొగ్గు శరణాలయానిది.

ఫొటో రోజు తెల్లవారగానే మాంసం వచ్చింది. టాబితా దాన్ని చూసి చేతులు రెండూ నడుం మీద పెట్టుకుని నిలబడిపోయింది. ఆ పొయ్యికి అంత ముక్క ఏనాడూ చూపించి ఎరగదు.

"చూడవయ్యా" అంది పొయ్యితో. "పెళ్లినాడు కూడా నీకింత భోజనం పెట్టలేదు. ఇవాళ గానీ అలిగావంటే మర్యాద దక్కదు."

పొయ్యి అలగలేదు. పొద్దెక్కేసరికి మాంసం వాసన మెట్లెక్కి, కుట్టుపని గదిలో దూరి, పడకగదుల్లో పరుపుల కిందికి కూడా పాకింది. పిల్లలు సూదుల్లో దారాలు ఎక్కించలేకపోయారు. ఫీబీ ఏదో సాకుతో నీళ్ల చెంబు పట్టుకుని వంటగది గుమ్మంలోకి వచ్చింది.

"మిసెస్ హెబ్డెన్, అదెవరికండీ?"

"మీకేనే."

"మాకా? ఒట్టు?"

"నేనెప్పుడైనా మీకు అబద్ధం చెప్పానుటే? మీకే. పద, గుటకలు మింగుతూ నిలబడకు, నేల తడిసిపోతోంది."

ఫీబీ చెంబు అక్కడే వదిలి మెట్లమీద పరుగు తీసింది. కాసేపటికి పైనుంచి పిల్లల కేరింత, దాని వెనకే మిస్ ఫాసెట్ గద్దింపు వినపడ్డాయి. టాబితా నవ్వుకుంటూ మాంసం మీద నెయ్యిలా కారుతున్న కొవ్వును గరిటెతో ఎత్తి పోసింది. అనాథల కోసమని తెచ్చిన మాంసం అనాథలు తింటారని ఆమె అనుకుంది. అందులో ఆలోచించడానికి ఏముంది?

మిస్ ఫాసెట్ దిగి వచ్చి ఏర్పాట్లు చెప్పేదాకా ఆమెకు సంగతి తెలియలేదు. ఫొటో తీయగానే ప్లేట్లు ఎలా ఉన్నవి అలా ఎత్తాలి, ముక్కలన్నీ పెద్ద పళ్లెంలో సర్ది గుడ్డ కప్పి మిస్టర్ ఓల్డ్‌రాయిడ్ గారి బండిలో పెట్టాలి.

"మరి పిల్లలకో?"

"పిల్లలకు రోజూ ఉండేదే."

"అమ్మగారూ, ఒక్కో ముక్కయినా…"

"అతిథులను లెక్కచూసి కొన్న మాంసం అది. పిల్లలకు ముందే చెప్పకు. చెబితే ఏడుస్తారు, ఏడిస్తే ఫొటో చెడుతుంది. అయ్యాక చెప్పుకుందాం."

టాబితా ఏప్రన్ విప్పి మడిచి కుర్చీమీద, అంటే పిల్లి మీద, పెట్టి మేడ మీదికి వెళ్లింది. వంటమనిషి పిలవకుండా ఆఫీసు గదిలోకి వెళ్లడం ఆ ఇంట్లో అదే మొదలు. ఓల్డ్‌రాయిడ్ అద్దం ముందు మీసాలు దువ్వుకుంటున్నాడు. పిల్లలకు ఒక్కో ముక్క వదిలేయమని బతిమాలింది. ఆయన కోప్పడలేదు సరికదా, చాలా దయగా నవ్వాడు.

"చూడు హెబ్డెన్, రుచి మరిగితే రేపు బఠాణీలు గొంతు దిగవు. అది వాళ్లకే అన్యాయం. నేను వాళ్ల మంచి కోరేవాణ్ణి."

కోపం వచ్చినవాడితో పోట్లాడొచ్చు, మంచి కోరేవాడితో ఏం చేయగలం? టాబితా ఒళ్లు మండిపోతూ మెట్లు దిగింది. ఎదురు తిరిగితే పని పోతుంది, పని పోతే ఆ ఇల్లు తప్ప ఆమెకు వెళ్లడానికి ఇంకో గుమ్మం లేదు. అది ఆమెకు బాగా తెలుసు.

కానీ ఇంకో సంగతి కూడా ఆమెకు తెలుసు. తాను ఫీబీ అంత ఉన్నప్పుడు ఆ ఇంటికి కొత్త గది కట్టి, ప్రారంభోత్సవం చేశారు. పెద్ద పెద్ద టోపీల ఆడవాళ్లు వచ్చారు. పిల్లలందరినీ వరసగా నిలబెట్టి తలకొక నారింజపండు చేతిలో పెట్టారు. టాబితా అంతకుముందు నారింజను ముట్టుకోలేదు. ఉపన్యాసం సాగినంతసేపూ దాన్ని రెండు చేతులతో పట్టుకుని, గోటితో తొక్కను కొంచెం గిల్లి ఆ వాసన పీల్చుకుంటూ, మొదట ఏ వైపు నుంచి తినాలో ఆలోచించుకుంది. ఉపన్యాసం అయ్యింది, టోపీలు వెళ్లిపోయాయి, ఒకావిడ బుట్టతో వచ్చి పళ్లన్నీ వెనక్కి తీసుకుంది. గిల్లిన పండు ఇచ్చినందుకు టాబితాకు ఒక మొట్టికాయ కూడా పడింది. ఆ తరువాత జీవితంలో ఎన్ని నారింజలు దొరికినా ఆమె తినలేదు.

ఇప్పుడు ఆ బుట్ట తన చేతికే వచ్చింది. పైగా "మీకే" అని నోరారా చెప్పింది తానే.

ఈలోగా లంబ్ తన గాజు పలకలకు మందు పూసుకోవడానికి చీకటి గది కావాలంటూ టాబితా సరుకుల గదిలో దూరాడు. ఘాటైన వాసన బయటికి వచ్చింది. వెన్న కుండ పక్కనే మందు సీసా కనబడేసరికి ఆమె పొద్దుటి కోపమంతా అతని మీదికి మళ్లింది.

"ఏమయ్యా, నా వెన్నను కూడా ఫొటో తీస్తావా ఏంటి? ఆ సీసా తియ్యి!"

"తీసేస్తానమ్మా, తీసేస్తాను. ఒక్క పలకేనండీ నా దగ్గర మిగిలింది. దారిలో బండి ఎగిరి మిగతావన్నీ పగిలాయి. ఇవాళ ఇది కుదరకపోతే నా పని అయిపోయినట్టే."

అతని మొహం చూస్తే పొద్దున్నుంచి ఏమీ తిన్నట్టు లేడు. టాబితా తిట్టడం ఆపకుండానే రొట్టె కోసి కొవ్వు రాసి పెట్టింది. తింటూ అతను తన కష్టం చెప్పుకున్నాడు. బయట వాన, గదిలో వెలుతురు తక్కువ. కెమెరా మూత తీసి చాలాసేపు ఉంచితే గానీ పలక మీద బొమ్మ పడదు. అంతసేపూ పిల్లలు కదలకూడదు. కదిలినవాళ్లు పొగలా చెరిగిపోతారు.

"ఈ పిల్లలు కదలకుండా ఉండేది ప్రార్థనలోనే" అంది టాబితా, వేరే ఆలోచన ఏమీ లేకుండానే.

లంబ్ ఆ మాట పట్టుకుని పైకి పరిగెత్తాడు. ఓల్డ్‌రాయిడ్‌కు అది ఎంతో నచ్చింది. పిల్లలు చేతులు జోడించి, కళ్లు మూసుకుని, ముందు మాంసం పెట్టుకుని ప్రార్థిస్తూ ఉంటారు, బల్ల చివర నిలబడి తాను ప్రార్థన చదువుతూ ఉంటాడు. క్లెక్‌డేల్‌వాళ్లు కుళ్లి చావాలి. కాకపోతే మిస్ ఫాసెట్ ఒక్క జాగ్రత్త చెప్పింది.

"మీరు చివర ఆమెన్ మాత్రం అనకండి. అన్నారంటే ఇక మాంసం మన కంటికి కనబడదు. లంబ్ మూత పెట్టాక చెయ్యెత్తుతాడు, మీరు ఆపేయండి. పిల్లలు ఇంకా కళ్లు మూసుకునే ఉంటారు. నేనూ మిసెస్ హెబ్డెనూ ప్లేట్లు తీసేస్తాం." తరువాత టాబితా వైపు తిరిగి, "నీ చాపెల్ కేకలు ఇవాళ వద్దు" అంది.

"నేనేం కేకలేస్తానమ్మగారూ" అంది టాబితా. "ఆత్మ పలికిస్తే తప్ప."

మధ్యాహ్నానికి పిల్లలందరూ తలలు దువ్వుకుని, ఉతికిన తెల్ల ఏప్రన్లతో బల్లలకు అటూ ఇటూ కూర్చున్నారు. ఒక్కొక్కరి ముందు పూల ప్లేటు, దానిలో ఆవిరి కక్కుతున్న మాంసం ముక్క, ఛైర్మన్ నిలబడే చివర కోయగా మిగిలిన సగం తొడ. ఒక పిల్లకు ఆకలితో ఎక్కిళ్లు వచ్చాయి, పక్కపిల్ల వీపు చరిచింది. ఫీబీ బల్ల చివర కూర్చుంది. వంటగది తలుపు దగ్గర నిలబడ్డ టాబితాను చూసి, ఊడిన పళ్ల సందు కనబడేలా నవ్వింది. టాబితా నవ్వలేకపోయింది.

లంబ్ కెమెరా నల్లగుడ్డలోంచి తల బయటపెట్టాడు. మిస్ ఫాసెట్‌ను పక్కకు జరగమన్నాడు. మూత తీశాక అడుగు పెడితే పలక చెడిపోతుందని ఆమెకు మరీమరీ చెప్పాడు. టాబితాతో మాత్రం, "మీరు అక్కడే ఉండండమ్మా, ఆ తలుపు మరీ నల్లగా ఉంది, మీ తెల్ల ఏప్రన్ ఉంటే బొమ్మకు నిండుగా ఉంటుంది" అన్నాడు. చేతిలో గరిటెతో ఆమె ఉన్నచోటే ఉండిపోయింది. లంబ్ మూత తీశాడు.

ఓల్డ్‌రాయిడ్ కళ్లు మూసుకుని మొదలుపెట్టాడు. చర్చిలో నేర్చుకున్న భోజన ప్రార్థన, పాదిరి ఉచ్చారణ కూడా అచ్చంగా దింపేశాడు. కానీ అది పొట్టి ప్రార్థన. అది అయిపోయింది, లంబ్ చెయ్యెత్తలేదు. మళ్లీ ఇంకోటి అందుకున్నాడు, రాణిగారి ఆరోగ్యం కోసం. అదీ అయిపోయింది. వాన మబ్బు మరింత కమ్మింది, వెలుతురు ఇంకా తగ్గింది, లంబ్ ఊపిరి బిగబట్టి మూత చేత్తో పట్టుకునే ఉన్నాడు. కంఠస్థం చేసినవన్నీ అయిపోయేసరికి ఛైర్మన్‌కు చెమట పట్టింది. ఆగకూడదు, ఆగితే పిల్లలు కళ్లు తెరుస్తారు.

అప్పుడాయన గొంతు మారింది. ఏళ్ల తరబడి బూజు పట్టిన ఏదో అర తలుపు తెరుచుకున్నట్టు, లోపలి నుంచి వేరే మాటలు రావడం మొదలైంది. పుస్తకం మాటలు కావు, మిల్లు సందు మాటలు.

"ఓ తండ్రీ! ఈ పసోళ్లని సూత్తన్నావు గదా! ఈళ్లకి అమ్మ లేదు, అయ్య లేడు, నువ్వే దిక్కు గదా!"

టాబితా ఒళ్లు జలదరించింది. ఆ రాగం ఆమెకు తెలుసు. చాపెల్లో ముందు బెంచీ మీద కూర్చునే ఉన్ని బండి తోలే ముసలాయన ఒకాయన ఉండేవాడు, ఎప్పుడో పోయాడు. అచ్చం ఆయన రాగమే. ఆ ముసలాయన ఈ ఛైర్మన్‌కు కన్నతండ్రి. మిల్లు చేతికి వచ్చాక ఓల్డ్‌రాయిడ్ పెద్ద చర్చికి మారాడు, తమది తరతరాలుగా చర్చి కుటుంబమేనని ఊళ్లో చెప్పుకున్నాడు. మొహమాటానికి ఎవరూ కాదనలేదు.

"ఆకలంటే ఏంటో నీకు తెల్సు తండ్రీ! ఈళ్ల బల్ల నింపావు! ఈళ్ల కడుపులు గూడా నింపు! ఒక్క బిడ్డ గూడా ఈ బల్ల కాడ నుంచి ఆకలితో లేవగూడదు తండ్రీ!"

మిల్లు సందు చాపెల్లో నోరు విప్పడం నేర్చుకున్న ప్రాణం ఏదైనా సరే, ఇలాంటి మాట దగ్గర నోరు మూసుకుని ఉండలేదు. టాబితా ఫీబీ వైపు చూసింది. గట్టిగా మూసుకున్న ఆ కళ్లు, గడ్డం కింద జోడించిన ఆ చేతులు.

"ఆమెన్!" అంది టాబితా.

గది అదిరింది. తరువాత జరిగింది చెప్పడానికి పట్టినంతసేపు కూడా జరగలేదు. పిల్లల చేతులు విడిపోయాయి, ముళ్ల చెంచాలు లేచాయి, కొందరికి ముళ్ల చెంచా కూడా గుర్తురాలేదు. మాట లేదు, అల్లరి లేదు, నియమం ప్రకారం నోరు మూసుకుని, అంటే మాంసంతో మూసుకుని, తలలు వంచి తింటున్నారు.

మిస్ ఫాసెట్ పిచ్చిదానిలా చేతులు ఊపింది. పిల్లలెవరూ తలెత్తి చూడలేదు. ముందుకు అడుగు వేస్తే ఫొటోలో పడుతుంది, అరుద్దామంటే ఛైర్మన్‌గారు ప్రార్థనలో ఉన్నారు, గంట కొడదామంటే అది బల్ల మీద ఉంది. లంబ్ మూత పెట్టబోయి ఆగిపోయాడు, ఉన్నది ఒక్కటే పలక. ఓల్డ్‌రాయిడ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. చిన్నప్పుడు విన్న ఆమెన్ చెవిన పడేసరికి ఆయనకు ఊపు వచ్చేసింది. కళ్లు మూసుకునే ఉన్నాడు, గొంతు ఇంకా లేచింది, విధవలను తలుచుకున్నాడు, సముద్రం మీద ఉన్నవాళ్లను తలుచుకున్నాడు, చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. టాబితా కదల్లేదు. ఏడాది పొడవునా తిరుగుతూ ఉండే మనిషి, గరిటె గుండెకు హత్తుకుని రాయిలా నిలబడింది.

లంబ్ ఎట్టకేలకు మూత పెట్టి చెయ్యెత్తాడు. ఓల్డ్‌రాయిడ్ కళ్లు తెరిచాడు. పింగాణీ ప్లేట్ల మీది పూలు ఆకులతో సహా తళతళా మెరుస్తూ కనబడ్డాయి.

"ఎవరు?" అన్నాడు. "ఎవరన్నారది?"

"నేనేనయ్యగారూ."

"ఇప్పుడే వెళ్లగొట్టండి దీన్ని! ముందే చెప్పాను నోరు విప్పకని!" మిస్ ఫాసెట్ గొంతు కీచుమంది.

పిల్లలకు ఏదో తప్పు జరిగిందని అర్థమై ముళ్ల చెంచాలు దించారు. ఫీబీ నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది, మింగాలో వద్దో తెలియక టాబితా వైపు చూసింది.

"మింగవే" అంది టాబితా. "అయ్యగారూ, వీళ్ల కడుపులు నింపమని మీరు దేవుణ్ణి అడిగారు. నేను ఆమెన్ అన్నాను. మీ ప్రార్థనలో ఏ మాట అబద్ధమో చెప్పండి, ఆ మాటకు అన్న ఆమెన్ వెనక్కి తీసుకుంటాను."

ఓల్డ్‌రాయిడ్ ఖాళీ ప్లేట్ల వరస వెంట చూపు తిప్పాడు.

"మీ నాన్నగారే గుర్తొచ్చారయ్యగారూ" అంది ఆమె, ఈసారి మెల్లగా. "ముందు బెంచీలో కూర్చునేవారు. ఆయన ఆమెన్ అంటే చాపెల్ కిటికీలు గజగజలాడేవి. ఇవాళ మీ గొంతు వింటే ఆయనే లేచొచ్చారనుకున్నాను. ఇంక నోరెలా ఆగుతుంది?"

మిస్ ఫాసెట్ ఛైర్మన్ మొహం వైపు వింతగా చూసింది. ఆయన మొహం ఎర్రబడింది, తెల్లబడింది, మళ్లీ ఎర్రబడింది. తరతరాల చర్చి కుటుంబం ఆ భోజనాల గదిలో అంతటితో ముగిసింది. ఆయన జేబురుమాలుతో మీసాలు తుడుచుకున్నాడు, కళ్లు కూడా తుడుచుకున్నాడు.

"కిటికీలు కాదు హెబ్డెన్" అన్నాడు చివరికి. "దీపం ఆరిపోయింది ఒకసారి." అని, టోపీ తీసుకుని, బల్ల చివర మిగిలిన సగం తొడను బండిలో పెట్టించుకుని వెళ్లిపోయాడు. అంత ఆత్మ కదిలినా ఆ సగం మాత్రం వదల్లేదు, మనిషి మారడానికి కూడా ఒక హద్దు ఉంటుంది. ఆ రాత్రి వాళ్ల విందులో మాంసం కాగితమంత పల్చగా కోశారని వడ్డించినవాళ్లు చెప్పారు.

టాబితాను పనిలోంచి తీయలేదు. ఆమెన్ అన్నందుకు తీశారంటే ఊరు నవ్వుతుంది. ఇక మీదట వంటమనిషి ప్రార్థనలకు హాజరు కాకూడదని మాత్రం కమిటీ తీర్మానించింది. పొద్దున ప్రార్థనకు పోయి వచ్చేసరికి రోజూ జావ అడుగంటుతోందని ఎన్నేళ్లుగానో మొత్తుకుంటున్న టాబితాకు అది శిక్షో బహుమానమో కమిటీవారు ఆలోచించలేదు.

ఫొటో చందాదారులకు పంపలేదు. పంపేలా లేదు. లంబ్ ఒకే ఒక్క ప్రతి తీసి, కొవ్వు రాసిన రొట్టె గుర్తుకు టాబితాకు ఇచ్చి వెళ్లాడు. ఆమె దాన్ని పొయ్యి పైన, వాళ్లాయన నెత్తిన అనాలి, మేకు కొట్టి తగిలించింది. బల్లలు, ప్లేట్లు, గోడ మీది నియమాలు స్పష్టంగా పడ్డాయి. ప్లేట్లలో మాంసం ఉండీ లేనట్టు, దాని లోంచి పింగాణీ పూలు కనబడుతూ పడింది. ఛైర్మన్ నోటి దగ్గర ఒక పెద్ద మచ్చ. పిల్లలందరూ పొగ. వాళ్ల వెనక, నల్ల తలుపు ముందు, ఒక్క మనిషి మాత్రం ఏప్రన్ ముడులతో సహా చెక్కినట్టు పడింది. జన్మలో ఒక్కచోట నిలబడని మనిషి, చేతిలో గరిటెతో.

ఏళ్లు గడిచాయి. పిల్లలు పెద్దవాళ్లయి, పనుల్లో కుదిరి, పెళ్లిళ్లు చేసుకుని, అటుగా వచ్చినప్పుడల్లా వంటగది గుమ్మం తొక్కేవారు. టాబితా అప్పటికి కొంచెం వంగింది. పిల్లి మారింది గానీ కుర్చీ ఇంకా పిల్లిదే. ఒకరోజు ఫీబీ వచ్చింది. బ్రాడ్‌ఫర్డ్‌లో ఒక రొట్టెల అంగడి నడుపుతోంది, బుగ్గలు నిండాయి, చంకలో బిడ్డ. బిడ్డకు ఫొటో చూపించి తానెక్కడుందో వెతికింది. దొరకలేదు.

"అదుగో, చివర్న" అంది టాబితా, పిండి కలుపుతూనే. "ఖాళీ కుర్చీ కనబడటంలా? అదే నువ్వు. అందరూ పొగలాగన్నా పడ్డారు, నువ్వు అది కూడా లేకుండా ప్లేటులోకి దూకావు."

ఫీబీ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. నవ్వి, తుడుచుకుని, గొంతు తగ్గించింది.

"మిసెస్ హెబ్డెన్, ఇప్పుడన్నా నిజం చెప్పండి. ఆ రోజు ఆత్మే పలికించిందా? లేకపోతే మీరే కావాలని అన్నారా?"

టాబితా పిండి కలిపే చేతులు ఆగాయి. ఎన్నడూ ఆగని చేతులు ఆగేసరికి ఫీబీ భయపడింది.

"నేను మీకేమని చెప్పానే పొద్దున? మీకే అని చెప్పానా లేదా? ఆ ప్లేటు నీ ముందు నుంచి నా చేత్తో ఎలా తియ్యమంటావ్?" అంది. ఏప్రన్ అంచుతో ముక్కు తుడుచుకుని, మళ్లీ పిండి అందుకుంది. "ఆత్మ సంగతి నాకేం తెలుసు. అది సరే, ఆమెన్ అంటే అర్థమేంటే?"

"ఇక తినొచ్చు అని అండీ" అంది ఫీబీ.

"మరి, నేనన్నదీ అదేగా."